బర్మింగ్‌హామ్ నుంచి లడ్లో: అమ్మానాన్నలతో ఒక రోజు రైలు ప్రయాణం తక్కువ ఖర్చులో ఎలా?

మీ ప్రశ్న సారాంశం ఇది: మీరు బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నారు, వయసు 24. గుంటూరు నుంచి అమ్మానాన్నలు రెండు నెలలు ఉండటానికి వచ్చారు. నాన్నగారు 63 ఏళ్ల విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయులు. అమ్మగారికి 58 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. కారు లేదు. మే నెలలో ఒక రోజు వారికి కోట, పాత ఇళ్లు, పొలాలు, ఏరు ఉన్న అసలైన ఇంగ్లండ్ పల్లెపట్టు ఊరు చూపించాలి, ఖర్చు మాత్రం చదువుకునే పిల్లలు భరించగలిగేలా ఉండాలి. స్నేహితులు కొందరు షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ అంటున్నారు, కొందరు పాతకాలపు పల్లెలకు పేరున్న కాట్స్‌వోల్డ్స్ ప్రాంతం అంటున్నారు, అందరూ మాత్రం ముందుగా కొనుక్కునే అడ్వాన్స్ టికెట్లు వెంటనే కొనెయ్యమంటున్నారు.

నా సమాధానం: ష్రాప్‌షైర్‌లోని లడ్లోకు వెళ్లండి. శనివారం వెళ్లండి. ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) రిటర్న్ టికెట్లు తీసుకోండి. మీరు ముగ్గురు పెద్దవాళ్లు కాబట్టి, రైల్‌కార్డులు (టికెట్ ధర తగ్గించే ఏడాది కార్డులు) కొనేముందు, కలిసి వెళ్లేవారికిచ్చే గ్రూప్‌సేవ్ తగ్గింపు వర్తిస్తుందేమో చూడండి. అడ్వాన్స్ టికెట్లు ఈ ప్రయాణానికి వద్దు. నేను చాలా ఏళ్లుగా వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో ఉంటున్నాను. మన ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లను ఇలాంటి ఊళ్లకు రైల్లోనే తీసుకువెళ్లడం నాకు అలవాటు. అందువల్ల ఈ సలహాకు కారణాలు కూడా వివరంగా చెబుతాను.

ముందు ఊరి ఎంపిక. తక్కువ ఖర్చు ప్రయాణంలో అందరూ టికెట్ ధరనే చూస్తారు గాని, అసలు డబ్బు కరిగిపోయేది స్టేషన్ దిగిన తరువాత. క్యాలెండర్ బొమ్మల్లో కనిపించే కాట్స్‌వోల్డ్స్ ఊళ్లలో బైబరీకి గాని, కాసిల్ కూంబ్‌కు గాని రైల్వే స్టేషన్ లేదు. మోర్టన్-ఇన్-మార్ష్‌కు రైలు ఉంది, కానీ అక్కడి నుంచి మిగతా ఊళ్లకు బస్సు కోసం ఎదురుచూడాలి, ఆదివారాల్లో ఆ బస్సులు మరీ తక్కువ. చివరికి విసిగిపోయి టాక్సీ పిలుస్తారు, ఆ ఒక్క టాక్సీతో రైలు టికెట్‌లో మిగిల్చినదంతా పోతుంది. స్ట్రాట్‌ఫర్డ్‌ను నేను తక్కువ చేయను. బర్మింగ్‌హామ్ నుంచి నేరుగా రైలు ఉంది, గంటలోపే చేరవచ్చు, మూడింటిలోనూ రైలు ఖర్చు తక్కువ. అయితే షేక్‌స్పియర్‌కు సంబంధించిన ఇళ్లన్నింటికీ ప్రవేశ రుసుములున్నాయి, ముగ్గురికి లెక్కవేస్తే మొత్తం పెద్దదే అవుతుంది. పైగా సెలవు రోజుల్లో ఆ వీధుల్లో సందర్శకుల రద్దీ ఎక్కువ. పల్లెపట్టు ప్రశాంతత కోరుకుని వెళ్లినవారికి అది కొంత నిరాశ కలిగిస్తుంది.

లడ్లోలో స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకు నడిచే వెళ్లవచ్చు. చూడవలసినవాటిలో కోట ఒక్కటే ప్రధానంగా డబ్బు కట్టి చూడవలసినది. వీధులు, చర్చి, వంతెనలు, ఏటి ఒడ్డు, ఎదురుగా ఉన్న గుట్ట అన్నీ ఉచితం. సుమారు 500 చారిత్రక కట్టడాలు రక్షిత జాబితాలో ఉన్న చిన్న ఊరు అది, అందువల్ల ఊరికే వీధుల వెంట నడిచినా చరిత్ర చూసినట్టే. చరిత్ర పాఠాలు చెప్పిన నాన్నగారికి ఇంతకంటే తగిన ఊరు ఈ చుట్టుపక్కల నాకు తోచడం లేదు.

దారి విషయానికి వస్తే, బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి వూల్వర్‌హాంప్టన్, టెల్ఫర్డ్ మీదుగా ష్రూస్‌బరీకి సుమారు గంట. అక్కడ రైలు మారి దక్షిణంగా హెరెఫర్డ్ వైపు వెళ్లే రైలెక్కితే అరగంటకు అటూ ఇటూగా లడ్లో వస్తుంది. మారే సమయంతో కలిపి రెండు గంటలు అనుకోండి. ష్రూస్‌బరీ తరువాత చర్చ్ స్ట్రెటన్ దగ్గర లైను కొండల మధ్యగా సాగుతుంది, ఆ కాసేపు అమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. హెరెఫర్డ్ మీదుగా ఇంకో దారి కూడా ఉంది. మీ టికెట్ మీద ఏ దారి రాసి ఉంటే ఆ దారిలోనే వెళ్లాలి. ఒక దారిలో వెళ్లి ఇంకో దారిలో తిరిగి రావాలని ఉంటే, అందుకు ఆ టికెట్ పనికొస్తుందో లేదో కొనేముందే చూసుకోవాలి.

ఇక టికెట్లు. మన దేశంలో స్లీపర్ టికెట్ ధర దూరాన్ని బట్టి ఉంటుంది, ఉదయం బండికైనా సాయంత్రం బండికైనా పెద్ద తేడా ఉండదు. సీటు దొరుకుతుందా లేదా అన్నదే మన దిగులు. ఇక్కడ దిగులు వేరు. బెర్తు, వెయిటింగ్ లిస్టు ఏమీ ఉండవు, కానీ అదే దూరానికి మీరు బయలుదేరే సమయాన్ని బట్టి, కొన్న టికెట్ రకాన్ని బట్టి ధర మారుతుంది. స్థూలంగా మూడు రకాలు. ఎనీటైమ్ టికెట్‌తో ఏ వేళకైనా వెళ్లవచ్చు, అన్నిటికంటే ఖరీదు. ఆఫ్-పీక్ టికెట్ ఉదయం ఆఫీసుల రద్దీ తరువాత చెల్లుతుంది. శని, ఆదివారాల్లో మామూలుగా రోజంతా చెల్లుతుంది. అడ్వాన్స్ టికెట్ ఒక నిర్ణీత రైలుకే చెల్లుతుంది, ఆ రైలు తప్పితే టికెట్ పోయినట్టే, మానుకుంటే డబ్బు తిరిగి ఇవ్వరు.

లండన్ నుంచి ఎడిన్‌బరో వంటి దూర ప్రయాణానికి అడ్వాన్స్ టికెట్లు నిజంగా పెద్ద ఆదా. సాధారణంగా మూడు నెలల ముందు నుంచి అవి దొరుకుతాయి, ముందే కొన్నవారికి తక్కువలో వస్తాయి. మీ ప్రయాణం అలాంటిది కాదు. రెండు గంటల ప్రాంతీయ ప్రయాణంలో వాటివల్ల మిగిలేది తక్కువ, పోగొట్టుకునే స్వేచ్ఛ ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న తల్లి వెంట ఉన్నప్పుడు ఆ స్వేచ్ఛకు చాలా విలువ ఉంది. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే తిరుగు ప్రయాణానికి సాయంత్రం రైలు అడ్వాన్స్‌లో కొన్నది. మధ్యాహ్నానికే వాన పట్టుకుంది, పెద్దావిడకు చలి వేసి ఇంటికి వెళ్లిపోదామన్నారు, కానీ టికెట్ ఆ రైలుకే కాబట్టి మూడు గంటలు ఒక కాఫీ హోటల్లో కూర్చోవలసి వచ్చింది. అక్కడ టీలకూ కేకులకూ పెట్టిన ఖర్చు అడ్వాన్స్‌లో మిగిలినదానికంటే ఎక్కువ. ఆఫ్-పీక్ రిటర్న్ ఉంటే వానొస్తే ముందు రైలుకు రావచ్చు, ఎండ బాగుంటే ఒక రైలు వదిలేసి ఇంకాసేపు ఉండవచ్చు.

తగ్గింపుల గురించి మనవాళ్లలో చాలా అయోమయం ఉంది, అందుకే మీ ముగ్గురికి సరిపోయేలా చెబుతాను. రైల్‌కార్డులు సాధారణంగా మూడింట ఒక వంతు తగ్గిస్తాయి. 2025 మార్చి నుంచి ఒక్కో కార్డు ఏడాదికి 35 పౌండ్లు. అంటే 105 పౌండ్ల విలువైన టికెట్లు కొన్నప్పుడు గాని కార్డు ఖరీదు రాబట్టుకోలేం.

మీకు 16–25 కార్డు వస్తుంది, విద్యార్థిగా అది మీకెలాగూ పనికొస్తుంది. అయితే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 10 గంటల లోపు దానికి కనీస ఛార్జీ నిబంధన ఉంది, అంటే తగ్గింపు తరువాత కూడా ధర ఒక కనీస మొత్తం కంటే తగ్గదు; జూలై, ఆగస్టుల్లో మాత్రం ఆ నిబంధన ఉండదు. నాన్నగారికి 60 దాటాయి కాబట్టి సీనియర్ కార్డు తీసుకోవచ్చు. ఈ దేశంలో స్థిరనివాసం ఉండనక్కరలేదు, వయసు రుజువుకు పాస్‌పోర్టు చాలు. కానీ అమ్మగారికి అది రాదు. అందువల్ల ఇద్దరికీ కలిపి టూ టుగెదర్ కార్డు మేలు: ఇద్దరి ఫోటోలతో ఒకే కార్డు, ఒకే 35 పౌండ్లు, తగ్గింపు ఇద్దరికీ. షరతులు రెండే. ఇద్దరూ కలిసే ప్రయాణించాలి, పనిదినాల్లో ఉదయం 9:30 తరువాతే వాడాలి. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు పేరు చూసి "మాదీ కుటుంబమే కదా" అని కొనేవారున్నారు. ప్రతి ప్రయాణంలోనూ 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలు కనీసం ఒకరు ఉంటేనే అది చెల్లుతుంది, కాబట్టి అది మీకు పనికిరాదు.

ఇవన్నీ కాక గ్రూప్‌సేవ్ అని ఒకటి ఉంది. ముగ్గురు నుంచి తొమ్మిది మంది వరకు కలిసి ఆఫ్-పీక్ వేళల్లో ప్రయాణిస్తే, ఏ కార్డూ లేకుండానే మూడింట ఒక వంతు తగ్గుతుంది. మీరు సరిగ్గా ముగ్గురు. అన్ని రైలు కంపెనీలూ దీన్ని ఇవ్వవు, మీ దారిలో రెండు కంపెనీల రైళ్లు ఉంటాయి; అందువల్ల బుకింగ్ పేజీలో ముగ్గురు పెద్దవాళ్లని ఇచ్చి, రైల్‌కార్డు ఏదీ చేర్చకుండా వెతికి చూడండి. తగ్గింపు ఉంటే ధర దగ్గరే కనిపిస్తుంది. మొత్తం దారికి రాకపోతే బర్మింగ్‌హామ్–ష్రూస్‌బరీ, ష్రూస్‌బరీ–లడ్లో అని రెండు ముక్కలుగా వెతకండి. ఇలా విడగొట్టి కొనడం చట్టబద్ధమే, టికెట్లు కలిసే స్టేషన్‌లో మీ రైలు ఆగితే చాలు. గ్రూప్‌సేవ్‌ను, రైల్‌కార్డును ఒకే టికెట్ మీద కలిపి వాడుకోలేరు.

మరి ఏది కొనాలి? ఈ రెండు నెలల్లో అమ్మానాన్నలతో రైలు ప్రయాణం ఇదొక్కటే అయితే గ్రూప్‌సేవ్ ప్రయత్నించి ఆగండి. లండన్‌కో ఎడిన్‌బరోకో కూడా తీసుకువెళ్లే ఆలోచన ఉంటే టూ టుగెదర్ కార్డు ఇప్పుడే తీసుకోండి, ఒక్క దూర ప్రయాణంతోనే దాని ఖరీదు వచ్చేస్తుంది. విదేశీ సందర్శకుల కోసం అమ్మే బ్రిట్‌రైల్ పాస్‌కు మీ తల్లిదండ్రులు అర్హులే గాని, ఒక్క రోజు ప్రయాణానికి దాన్ని కొనడం వృథా.

టికెట్లను రైలు కంపెనీల సొంత వెబ్‌సైట్లలో గాని యాప్‌లలో గాని కొనండి, అక్కడ బుకింగ్ రుసుము ఉండదు. ఏ కంపెనీ వెబ్‌సైట్‌లోనైనా దేశంలోని అన్ని రైళ్ల టికెట్లూ దొరుకుతాయి. ఇంకో ముఖ్యమైన మాట: లండన్‌లోలాగా బ్యాంకు కార్డు తాకించి లడ్లో దాకా వెళ్లలేరు. రైలెక్కేముందే సరైన టికెట్ చేతిలో ఉండాలి. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి టికెట్ లేని ప్రయాణానికి పెనాల్టీ 100 పౌండ్లు, దానిపైన టికెట్ ధర. రైల్‌కార్డుతో తగ్గింపు పొంది కార్డు చూపించలేకపోయినా ఇబ్బందే. ఫోన్‌లో టికెట్, కార్డు రెండూ ఉంటాయి కాబట్టి ఛార్జింగ్ కోసం పవర్ బ్యాంకు తప్పనిసరి.

శనివారమే ఎందుకన్నానంటే, కాసిల్ స్క్వేర్‌లో సంత సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో జరుగుతుంది, శనివారం పీక్ వేళల బెడద లేదు, మీకు తరగతులూ ఉండవు. ఆదివారాల్లో రైళ్లు తక్కువ, ట్రాక్ మరమ్మతులూ ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు. రైలు బదులు బస్సు వేస్తే రెండు గంటల ప్రయాణం మూడున్నర అవుతుంది, అమ్మగారికి అది శ్రమ. శనివారమైనా సరే, రెండు రోజుల ముందు నేషనల్ రైల్ యాప్‌లో ఆ తేదీకి మరమ్మతులున్నాయేమో చూడండి. అలాగే కోట వెబ్‌సైట్ చూడకుండా తేదీ ఖాయం చేయవద్దు. మే నెలలో ఒక ఉత్సవం, సెప్టెంబరులో ప్రసిద్ధమైన ఆహారోత్సవం కోట ఆవరణలోనే జరుగుతాయి. ఆ రోజుల్లో కోట ప్రవేశానికి ఉత్సవ టికెట్టే కొనవలసి వస్తుంది, జనం కూడా బాగా ఎక్కువ.

ఊళ్లో ఏ వరుసలో నడవాలో చెబుతాను, ఎందుకంటే లడ్లో గుట్ట మీది ఊరు. స్టేషన్ బయట మూల మీదే పెద్ద సూపర్ మార్కెట్ ఉంది. మంచినీళ్లు, పండ్లు అక్కడే తీసుకోండి. కోర్వ్ స్ట్రీట్ వెంట నెమ్మదిగా ఎక్కితే బుల్ రింగ్ అనే వీధి వస్తుంది. అక్కడ నల్లని కలప చట్రాల మధ్య తెల్లని గోడలతో, పై అంతస్తులు వీధి మీదికి పొడుచుకొచ్చినట్టున్న ఫెదర్స్ హోటల్ కనిపిస్తుంది. అది 1619 నాటి ఇల్లు. బయటినుంచి చూడటమే అసలు ఆనందం, అందుకు డబ్బు అక్కరలేదు.

అక్కడి నుంచి సెయింట్ లారెన్స్ చర్చికి రండి. ప్రవేశం ఉచితం, తోచినంత విరాళం వేయండి. అమ్మగారికి మొదటి విశ్రాంతి అక్కడే. గాయకబృందం కూర్చునే చోట పైకి మడిచే చెక్క ఆసనాల అడుగున మధ్యయుగపు శిల్పులు చెక్కిన బొమ్మలు 28 ఉన్నాయి. దేవుళ్లవే కాదు, పల్లెజనం బొమ్మలు, వేళాకోళపు బొమ్మలు కూడా వాటిలో ఉన్నాయి. మన గుడి స్తంభాల మీది చిన్న శిల్పాలను వెతికి వెతికి చూసే అలవాటున్నవారికి అవి తప్పక నచ్చుతాయి. గోపురం ఎత్తు 135 అడుగులు, మెట్లు సుమారు 200, అన్నీ ఇరుకైన చుట్టుమెట్లు. ఓపిక ఉంటే నాన్నగారు మీతో ఎక్కవచ్చు, పైనుంచి వేల్స్ వైపు కొండలు కనిపిస్తాయి. దానికి వేరే రుసుము ఉంది.

తరువాత కోట. ఇక్కడ తొందరపడకండి, డబ్బు పెట్టేది ఇక్కడే కాబట్టి కనీసం రెండు గంటలు కేటాయించండి. వేల్స్ సరిహద్దును అదుపులో పెట్టడానికి లేసీ వంశీయులు 11వ శతాబ్దం చివర దీని నిర్మాణం మొదలుపెట్టారు. లోపలి ఆవరణలో 12వ శతాబ్దపు గుండ్రని ప్రార్థనామందిరం ఉంది. ఇంగ్లండ్‌లో అలాంటివి అరుదు. నాన్నగారికి ఈ రెండు సంగతులు ముందే చెప్పి తీసుకువెళ్లండి. నాలుగో ఎడ్వర్డ్ కొడుకు ఇక్కడే పెరిగాడు. 1483లో తండ్రి చనిపోగా పన్నెండేళ్ల వయసులో ఐదో ఎడ్వర్డ్ రాజై ఇక్కడి నుంచే లండన్ బయలుదేరాడు, పట్టాభిషేకం జరగనేలేదు, తమ్ముడితో సహా లండన్ టవర్‌లో కనిపించకుండా పోయాడు. 1502లో ఏడో హెన్రీ పెద్ద కొడుకు ఆర్థర్, స్పెయిన్ రాకుమారి కేథరిన్‌తో పెళ్లయిన కొద్ది నెలలకే, ఈ కోటలోనే మరణించాడు. వితంతువైన కేథరిన్‌ను తరువాత ఎనిమిదో హెన్రీ పెళ్లాడటం, ఆ వివాహం రద్దు చేసుకోవడానికి రోమ్‌తో తెగతెంపులు చేసుకోవడం నాన్నగారు పిల్లలకు చెప్పిన పాఠమే అయి ఉంటుంది. ఆ కథ మొదలైన గోడల మధ్య నిలబడి ఆ పాఠం ఆయన మీకు చెబుతుంటే వినండి. నా దృష్టిలో ప్రవేశ రుసుముకు అదొక్కటే చాలు. 1689 వరకు వేల్స్, సరిహద్దు ప్రాంతాల పాలనామండలికి ఇదే కేంద్రం. ఆ మండలి రద్దయ్యాక కోట పాడుబడింది. పైకప్పులు లేవు, వాన వస్తే తలదాచుకునే చోట్లు తక్కువ. బయటి ఆవరణ విశాలమైన పచ్చిక, అమ్మగారికి అక్కడ నడక తేలిక. బురుజుల మెట్లు మాత్రం ఆవిడను ఎక్కించవద్దు.

కోట నుంచి డినమ్ అనే పేట వైపు దిగితే టీమ్ నది, డినమ్ వంతెన వస్తాయి. వంతెన దగ్గర నుంచి పైకి చూస్తే కోట మొత్తం కనిపిస్తుంది, ఫోటోలు తీసుకోవలసింది అక్కడే. నది అవతల బ్రెడ్‌వాక్ అనే బాట లడ్‌ఫర్డ్ వంతెన దాకా సాగుతుంది, అక్కడి నుంచి బ్రాడ్ గేట్ కిందుగా బ్రాడ్ స్ట్రీట్ వెంట ఊళ్లోకి ఎక్కవచ్చు. ఒకప్పటి ఊరి గోడకున్న ఏడు ద్వారాల్లో నిలిచి ఉన్న మధ్యయుగపు ద్వారం బ్రాడ్ గేట్ ఒక్కటే. ఈ చుట్టు తిరుగుడు చాలా బాగుంటుంది గాని చివర్లో ఎత్తు ఎక్కాలి. అమ్మగారి మోకాళ్లు ఆ రోజు ఎలా ఉన్నాయో కోట దగ్గరే అడిగి నిర్ణయించుకోండి. వద్దంటే నదికి దిగకుండా, బ్రాడ్ స్ట్రీట్ పై చివర ఉన్న బటర్‌క్రాస్ భవనం దగ్గర నుంచి చూసినా ఆ వీధి అందం తెలుస్తుంది.

భోజనం ఇంటి నుంచే తీసుకువెళ్లండి. పులిహోర, చపాతీలు రైల్లో తినడానికి ఎవరూ అభ్యంతరపెట్టరు, డినమ్ దగ్గర ఏటి ఒడ్డున పచ్చికలో కూర్చునే తినవచ్చు. సంతలో రొట్టె, చీజ్ కొద్దిగా కొని రుచి చూపించండి. లడ్లో మంచి భోజనానికి పేరున్న ఊరే గాని, ఆ పేరు తెచ్చిన హోటళ్లు మీ బడ్జెట్‌లోవి కావు. శాకాహారులైతే టీ దుకాణాల్లో సూప్, కాల్చిన బంగాళదుంప వంటివి అడగండి.

రైలు మారే చోట అమ్మగారికి సాయం కావాలంటే ప్యాసింజర్ అసిస్ట్ అనే ఉచిత సేవ ఉంది, ముందుగా యాప్‌లోనో ఫోన్‌లోనో చెప్పి పెట్టండి. లడ్లో, ష్రూస్‌బరీ రెండు చోట్లా ఏ ప్లాట్‌ఫారం నుంచి ఎటు దిగాలో, మెట్లు తప్పించుకునే దారి ఏదో కూడా అప్పుడే అడగండి. మారే వ్యవధి పది నిమిషాల కంటే తక్కువ ఉన్న రైళ్లను ఎంచుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో ఓపిక మిగిలితే ష్రూస్‌బరీలో గంటసేపు దిగవచ్చు. ఆఫ్-పీక్ టికెట్ల మీద మధ్యలో దిగడం చాలాచోట్ల అనుమతిస్తారు, అడ్వాన్స్ మీద కుదరదు. మీ టికెట్ షరతుల్లో ఆ సంగతి రాసి ఉంటుంది, చూసుకోండి. స్టేషన్ పక్కనే కోట ఉంది, డార్విన్ 1809లో పుట్టిన ఊరు అదే. రైలు ఆలస్యమై ఇల్లు చేరడం ఆలస్యమైతే టికెట్లు పారేయకండి. కంపెనీని బట్టి 15 లేదా 30 నిమిషాలు దాటిన ఆలస్యానికి డిలే రీపే కింద కొంత డబ్బు తిరిగి వస్తుంది, 28 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అడగాలి.

లడ్లోకు ముందు స్టేషన్ క్రేవెన్ ఆర్మ్స్ దగ్గర స్టోక్సే కోట ఉంది. లడ్లో ఉన్ని వ్యాపారి ఒకరు 13వ శతాబ్దం చివర కట్టించుకున్న కోటలాంటి ఇల్లు అది, చాలా అందమైనది. అదే రోజు దాన్ని కూడా కలుపుకోవచ్చని కొందరు చెబుతారు. మీరిద్దరే, అంటే మీరూ నాన్నగారూ వెళ్తే సరేననేవాణ్ణి. స్టేషన్ నుంచి దాదాపు మైలు నడక, మళ్లీ మైలు వెనక్కి, రెండో ప్రవేశ రుసుము, రైలు కోసం మరో నిరీక్షణ: అమ్మగారు వెంట ఉన్న రోజున దాన్ని వదిలేయండి. తేదీ ఖాయమయ్యాక బుకింగ్ పేజీలో మీకు కనిపించిన ధరలు ఇక్కడ రాస్తే, గ్రూప్‌సేవ్, టూ టుగెదర్ రెండింటిలో ఏది చౌకో లెక్కవేసి చెబుతాను.